జీపు వెనక సొరుగులు

జీపు వెనక సీట్లు నేనే కోయించాను. ఎవరూ కొయ్యమనలేదు, నేనూ ఎవర్నీ అడగలేదు. చింతపల్లి సంత వీధి చివర వెల్డింగ్ షాపు ముందు బండి ఆపి, "రెండు పక్కలా కోసీ బావూ" అన్నాను. షాపతను గ్యాస్ కట్టర్ చేత్తో పట్టుకుని నా మొహం చూశాడు, బండి చూశాడు, మళ్ళీ నా మొహం చూశాడు.

"మీ సిన్నాన్నకి తెలుసా అమ్మీ?"

"సాయంత్రానికి తెలుస్తాది. నువ్వు కొయ్యి."

కోశాడు. నిప్పురవ్వలు రాలుతుంటే మా లైనులో తిరిగే డ్రైవర్లు టీ గ్లాసులు పట్టుకుని వచ్చి చుట్టూ నిలబడ్డారు. మనుషుల్ని ఎక్కించే సర్వీసు జీపుకు సీట్లు కోయడమంటే పాలిచ్చే ఆవుకు పొదుగు కోయడమేనని ఒకడన్నాడు. ఈ గుంటకి పిచ్చెక్కిందని ఇంకొకడు. నేను వినపడనట్టు నటించలేదు. బాగా వినపడిందని తెలిసేలా వాళ్ళవైపు తిరిగి నిలబడ్డాను.

ఎందుకు కోయించానో చెప్పాలంటే మా నాన్న పని గురించి చెప్పాలి. ఆయన పల్పర్లు బాగుచేసేవాడు. పల్పరంటే కాఫీ పండు తొక్క ఒలిచే మిషను. పైన తొట్టిలో పండ్లు పోసి పిడి తిప్పితే తొక్క ఒకవైపు, గింజ ఒకవైపు పడతాయి. కోసిన పండును ఆ రోజే ఒలవాలి. ఆగితే పులిసిపోతుంది. పులిసిన పండును ఎవరు ఎలా బేరమాడతారో మా కొండల్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. కోతల కాలంలో ఊరికున్న ఒక్క మిషనూ మొరాయిస్తే, ఇద్దరు మగవాళ్ళు దాన్ని వెదురుకు కట్టి, భుజాన వేసుకుని కొండ దిగి, నాన్న కొట్టుకు తెచ్చేవారు. బాగయ్యాక మళ్ళీ మోసుకుంటూ ఎక్కేవారు. ఈలోగా ఊళ్ళో పండ్లు కుప్పపడేవి. రోడ్డు ఆగిన చోట షావుకారి వ్యాను కాచుకుని ఉండేది. పచ్చి పండ్లు పచ్చిగానే, అతను చెప్పిన ధరకే, ఆ వ్యానెక్కేవి.

ఊహ తెలిసినప్పటినుంచీ నాకు అర్థం కాని సంగతి ఒకటే. మిషను కొండ దిగడమెందుకు? స్పానరు కొండ ఎక్కకూడదా?

నాన్న ఈ ప్రశ్నకు నవ్వేవాడు. కొట్టు వదిలిపోతే ఎలాగనేవాడు. అమ్మ నా చిన్నప్పుడే పోవడంతో నేను ఆ కొట్టులోనే, గ్రీజు డబ్బాల మధ్య పెరిగాను. ఆయన చేసే పనంతా నాకు వచ్చు. ఆయన పోయిన కొన్నాళ్ళకే కొట్టు యజమాని దాన్ని సెల్‌ఫోన్ల షాపుకిచ్చేశాడు. ఆడపిల్లకు రిపేరు కొట్టు ఎందుకనుకున్నాడో ఏమో, నన్ను ఒక్క మాటైనా అడగలేదు. నాన్న పనిముట్లు గోనెసంచుల్లో కట్టి చిన్నాన్న మంచం కింద పెట్టాం. మిగిలింది ఆ పాత ఫోర్‌వీల్ జీపు. కొన్నది నాన్నే అయినా, ఆయనకు ఆఫీసులంటే భయం కాబట్టి కాగితాలు తమ్ముడి పేరున రాయించాడు.

చిన్నాన్న చెడ్డవాడు కాదు. నాన్న తరువాత నాకున్న పెద్దదిక్కు ఆయనే. సంత మైదానంలో నాకు డ్రైవింగు నేర్పింది కూడా ఆయనే. మోకాలు పాడై ఆయన క్లచ్చి తొక్కలేకపోతే, చింతపల్లి నుంచి కొండ ఊళ్ళకు ఆ సర్వీసు నేనే నడిపాను. మా లైనులో స్టీరింగు పట్టిన ఆడమనిషిని నేనొక్కదాన్నే. ఆయన దానికి గర్వపడేవాడు, పైకి తిట్టేవాడు.

సీట్లు లేని బండి చూసి మాత్రం నిజంగానే తిట్టాడు.

"ఏటి సేసినావే గుంటా? మనిషెక్కితే నాలుగు రాళ్ళొస్తాయి. పెట్టెక్కితే ఏటొస్తాది?"

"నాన్న పని వొస్తాది. కొట్టు ఇవ్వకపోతే ఏటి, బండే కొట్టు. ఈ కోతలకి కొండెక్కుతాను."

"ఆడగుంటవి ఒక్కదానివే స్పానర్లట్టుకుని కొండలంట తిరుగుతావా? రేపు నీకు సమ్మందం ఎలగొస్తాదే?"

"రాకపోతే మానీమను."

పిన్ని లోపల్నుంచి ముక్కున వేలేసుకుంది. చిన్నాన్న బండి వెనక కోసిన అంచులు తడిమి చూశాడు. చివరికి తేల్చి చెప్పాడు. "కోతలయ్యేదాకా సూత్తాను. పెట్టెల్తో బండి నడిసిందా సరే. నడవలేదా, అమ్మీడమే."

నాకు ఆ జీపు కావాలి. దానితోపాటు నాన్న పని కావాలి. అవి రెండూ పోతే నేను పిన్ని కుట్టుమిషను పక్కన కూర్చుని జాకెట్లకు కాజాలు కుట్టుకుంటూ, ఎవరో వచ్చి చూసి వెళ్ళేదాకా ఎదురుచూడాలి. కాజాలు కుట్టడం తప్పని అనను. నాకు ఇష్టం లేదు, అంతే. ఇష్టం లేదని చెప్పడానికి నేనెందుకు సిగ్గుపడాలి?

మొదటిసారి పెట్టెలు కట్టించింది ఎండాకాలంలో. కాఫీ తోటల్లో నీడకు వేసే సిల్వర్ ఓక్ పలకలు దొరికాయి. వడ్రంగితో మూడు పెద్ద పెట్టెలు చేయించాను, పైకి తెరుచుకునే మూతలతో, మన ట్రంకుపెట్టెల్లాగే. ఒకదాంట్లో స్పానర్లు, సుత్తులు. ఒకదాంట్లో బేరింగులు, రేకులు, పిడులు. మూడోదాంట్లో చేతి డ్రిల్లు, వైసు, గ్రీజు. బండి పక్కన నిలబడి టాపు గుడ్డ పైకి చుట్టి మూత ఎత్తితే ఏది కావాలన్నా చేతికందుతుంది. చూసుకుని మురిసిపోయాను. లైను డ్రైవర్లలో ఒకరిద్దరు కూడా బాగుందన్నారు, అన్నట్టు నాకు వినపడింది.

వానలు పడ్డాక మొదటిసారి బండి ఎక్కించాను. రెండో మలుపు తిరిగానో లేదో, కొండచీపుర్ల మోపుతో ఒక ముసలమ్మ చెయ్యెత్తింది. మా ఘాటీ రోడ్డులో ఒక పట్టింపు ఉంది. బరువుతో ఉన్న మనిషిని దాటుకుని ఏ జీపూ పోకూడదు. పోతే ఆ బండి పై మలుపులో మొరాయిస్తుందని డ్రైవర్ల నమ్మకం. నమ్మకం మాట ఎలా ఉన్నా, నా కాలు దానంతటదే బ్రేకు తొక్కింది.

"సీట్లు లేవు అవ్వా" అన్నాను.

ఆమె వెనక్కి వెళ్ళి చూసింది. "సీట్లెందుకే? ఇంత సాపుగా అరుగు కట్టినావు కదా" అని చీపుర్లు పైన పడేసి, ఎక్కి స్పానర్ల పెట్టె మూత మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంది. ఆ పై మలుపులో పసుపు బస్తాతో భార్యాభర్తలు. ఆ పైన కోడిని చంకన పెట్టుకున్న మరొకామె. ఊరు చేరేసరికి నా మూడు పెట్టెల మీదా ఒక పేరంటం జరుగుతోంది.

అక్కడ మిషను నా కోసం ఎదురుచూస్తోంది. పదిహేడో నంబరు స్పానరు కావాలి. అది సరిగ్గా పసుపు బస్తా కింద ఉంది. బస్తా దింపాలంటే దాన్ని ఆనుకుని నిద్రపోతున్న మనిషిని లేపాలి. అందర్నీ దింపి, సామానంతా దింపి, మూత ఎత్తబోతే రాలేదు. ఎండాకాలం పలక, కొండ మీద వానగాలి తగిలి ఉబ్బి బిగుసుకుపోయింది. రెండో మూత మనుషుల బరువుకు నడుమ విరిగింది. మూడోదాని బందులు వంకరపోయాయి. ఊరంతా నవ్వింది. కోడి కూడా అరిచింది.

నాకు నవ్వు రాలేదు. తల కొట్టేసినట్టయింది. జీపుల మధ్య పెరిగినదాన్ని, ఈ కొండల్లో సాపుగా అరచేతి వెడల్పు చోటు కనిపిస్తే అక్కడ ఎవరో ఒకరు కూర్చుంటారని నాకు తెలియదా? కింద నర్సీపట్నం మైదానంలో కట్టుకునే పెట్టెలు ఘాటీకి పనికివస్తాయా?

చిన్నాన్న ఆ విరిగిన మూత చూసి సంబరపడ్డాడు. "సూసినావా? జనం సీట్లే అడుగుతున్నారు" అన్నాడు.

"జనం కూకోడానికి సోటడుగుతున్నారు. ఇత్తాను. ఆళ్ళు పైన, నాను కింద" అన్నాను. ఆ మాట కోపంలో నోటికొచ్చింది. అన్నాక, చెయ్యాల్సింది అదేనని నాకే తట్టింది.

రెండోసారి వడ్రంగికి అప్పగించలేదు. దగ్గర కూర్చుని నేనే గీశాను. చదరపు ఇనపగొట్టంతో ఒక చట్రం. చక్రాల మీద గూడు ఎంత ఎత్తుందో అంత ఎత్తున, జీపు వెడల్పంతా, మందపాటి పలకలతో ఒకే అరుగు. దాని మీద ఎంతమందైనా కూర్చోవచ్చు, పడుకోవచ్చు, కోళ్ళను పెట్టుకోవచ్చు. అరుగు కింద మొత్తం సొరుగులు, వెనక డోరు వైపుకు లాగేవి. సొరుగులు జారడానికి షాపుల్లో అమ్మే బేరింగు పట్టాలు మా ఎర్రమట్టికి వారంలో పట్టేస్తాయని తెలుసు కాబట్టి, చెక్క మీద చెక్కే జారేలా చేశాను. చెక్క ఉబ్బుతుందని అంచులు చిత్రిక పట్టించి, తేనెపట్టు మైనం రుద్దాను. కొండమీద తేనె తీసేవాళ్ళు మైనం ముద్దలు ఊరికే ఇచ్చారు. ఎత్తెక్కేటప్పుడు సొరుగులన్నీ వెనక్కి జారి రోడ్డు మీద పడకుండా ఒక్కోదానికి ఇనప గడియ పెట్టించాను. ఒక్కో పనిముట్టుకు దాని ఆకారంలోనే గాడి తొలిపించాను. చీకట్లో చెయ్యి పెట్టినా పదిహేడో నంబరు పదిహేడో నంబరే వస్తుంది.

చట్రాన్ని బండికి వెల్డింగు చేస్తానన్నాడు షాపతను. "అతికించీసేనంటే బండి సచ్చేదాకా కదలదు" అన్నాడు.

"వొద్దు. బోల్టులే బిగించు."

"అదేటి? వెల్డింగే గట్టి కదా?"

"బండి ఎవుల పేరున ఉందో నాను మర్సిపోలేదు బావూ."

పెద్ద బోల్టులు, రెండేసి వాషర్లు వేసి బిగించాడు.

కోతలు మొదలయ్యాయి. ఆ చలికాలం నేను బతికినంత గట్టిగా ఎప్పుడూ బతకలేదు. తెల్లవారకుండానే మంచులో లైట్లు వేసుకుని ఎక్కేదాన్ని. దారిలో చెయ్యెత్తినవాళ్ళందర్నీ అరుగు మీద కూర్చోబెట్టుకునేదాన్ని. వెనక అంచున కూర్చున్నవాళ్ళ కాళ్ళు సొరుగుల ముందు వేలాడుతుండేవి. మిషను దగ్గర ఆపి "కాళ్ళెత్తండి" అనగానే అందరూ ఒక్కసారి కాళ్ళెత్తేవారు. నేను కావలసిన సొరుగు లాక్కునేదాన్ని. "దించండి" అంటే దించేవారు. ఎవరూ దిగక్కర్లేదు. ఒకావిడైతే నేను మిషను విప్పుతున్నంతసేపూ పైనుంచి సలహాలిచ్చేది. ఒక్కటీ పనికిరాలేదు గానీ, ఆవిడ లేని రోజు పని చప్పగా ఉండేది.

పల్పరుకు వచ్చే జబ్బులు కొన్నే. తిరిగే డ్రమ్ముకూ ఎదురు పలకకూ మధ్య సందు ఎక్కువైతే పండు ఒలవకుండానే కిందికి వస్తుంది. తక్కువైతే గింజ చితుకుతుంది. వేలితో తడిమి, బోల్టు కాస్త తిప్పి, గుప్పెడు పండ్లు పోసి, పిడి తిప్పి చూడాలి. గింజ చితక్కుండా, జిగురుతో మెరుస్తూ బయటికి జారినప్పుడు చుట్టూ ఉన్నవాళ్ళ మొహాలు చూడాలి. షావుకారి వ్యాను రోడ్డు చివర ఖాళీగా హారను కొట్టుకుంటూ ఉండేది. ఆ హారను వింటుంటే నాకు కలిగిన ఆనందాన్ని దాచుకోను. కడుపు నిండిపోయేది.

బండి నడిచింది. ఎక్కినవాళ్ళ చార్జీలతో సర్వీసు మీద వచ్చినంతా వచ్చింది, రిపేర్ల మీదా వచ్చింది. చిన్నాన్న అన్న మాట ప్రకారం జీపు నాకే ఉండాలి.

కోతలు సగంలో ఉన్నాయి. ఒక పైఊళ్ళో కళ్ళం మీద మిషను మొత్తం విప్పి పరిచాను. పక్కన ఆ పొద్దున కోసిన పండ్లు, నా నడుమెత్తు కుప్ప. అప్పుడు కింద నుంచి ఒక తెల్ల కారు మూలుగుతూ వచ్చి ఆగింది. చిన్నాన్న దిగాడు, కుంటుకుంటూ. ఆయన వెంట నల్లకళ్ళజోడు పెట్టుకున్న మైదానం మనిషి ఒకాయన దిగాడు. ఈమధ్య మా కొండల మీద మబ్బులు చూడటానికి పట్నాలనుంచి జనం విరగబడి వస్తున్నారు కదా, వాళ్ళను పైకెక్కించడానికి ఆయన పాత జీపులు కొంటున్నాడట. మేం పుట్టిన దగ్గర్నుంచీ ఆ మబ్బుల్లోనే బట్టలారక చస్తున్నాం. వాటిని చూపించడానికి మా బండే కావలసివచ్చింది.

ఆయన జీపు చుట్టూ తిరిగి, టైరు తన్ని, వెనక డోరు తీశాడు. "ఈ డబ్బాలన్నీ పీకించేసి మంచి సీట్లు వేయిస్తాను. నిలబడి ఫొటోలు తీసుకోడానికి పైన ఒక రాడ్డు. ఇంజను బాగానే ఉంది" అన్నాడు.

నేను చిన్నాన్న వైపు చూశాను. "కోతలయ్యేదాకా అన్నావు."

"ఆళ్ళకి ఇప్పుడే కావాలంటమ్మీ. సలికాలం పోతే మబ్బులెక్కడుంతాయి? ఇలాటి బేరం మళ్ళీ రాదు. నీ మంచికే."

"బండి నడిసింది కదా?"

"నడిసింది. నాను కాదన్నానేటి?" ఆయన నా కళ్ళలోకి చూడలేదు. "నడిసింది కాబట్టే ఇంకా బయమేసింది. ఇలగే నడుస్తా పోతే నువ్వింక ఇంటికి రావు."

అదీ అసలు సంగతి. జీపు నడవకపోతే అమ్ముతానన్నాడు. నడిచిందని అమ్మేస్తున్నాడు. ఒళ్ళు మండిపోయింది. కొండ వినేలా అరిచాను. ఏమేమి అన్నానో అన్నీ రాయను, పెద్దవాళ్ళను అనకూడని మాటలూ ఉన్నాయి. ఆయన తలవంచుకుని నిలబడ్డాడు గానీ, కాగితాలున్న సంచి మాత్రం చంకలోంచి తీయలేదు.

"బేగి తేల్చండమ్మా, చీకటి పడకముందే దిగాలి" అన్నాడు నల్లకళ్ళజోడు.

"మిసను అయ్యేదాకా బండి కదలదు" అన్నాను.

కూర్చుని మిషను బిగించాను. కోపంలో బోల్టు ఒకసారి ఎక్కువ తిప్పేశాను. అయినా సందు సరిగ్గా కుదిరింది. పిడి తిప్పితే గింజ మెరుస్తూ పడింది. ఆడవాళ్ళు తట్టలతో పండ్లు పోయడం మొదలుపెట్టారు. అప్పుడు లేచి జీపు వెనక్కి వెళ్ళి, కింద దూరి, మొదటి బోల్టుకు స్పానరు పెట్టాను.

"ఏటి సేత్తన్నావు?" అన్నాడు చిన్నాన్న.

"ఈయన పీకించక్కర్లేదు. నానే తీసిత్తాను. బండి నీది, తీసుకుపో. ఇది నాది."

"తీసి ఎక్కడెడతావే? నెత్తినెట్టుకుని మోసుకుపోతావేటి?"

ఏడుపొచ్చింది. ఏడ్చాను, అందరి ముందే. ఏడుస్తూనే విప్పిన నట్లు విప్పినట్టు డబ్బాలో వేసుకుంటున్నాను. అప్పుడు మిషను పిడి తిప్పుతున్న ఆ ఊరి పెద్ద పిడి వదిలి వచ్చి, బండి పక్కన చతికిలబడి, కిందికి వంగి నాతో అన్నాడు.

"మిసన్లు మోసిన బుజాలే కదా గుంటా ఇయి. ఈ పెట్టె మొయ్యలేవేటి?"

ఆరుగురు వచ్చారు. సొరుగులు ఒక్కోటి లాగి కావిళ్ళకు కట్టారు. ఖాళీ చట్రాన్ని వెదుర్లకు కట్టి నలుగురు ఎత్తారు. తాళంచెవి చిన్నాన్న చేతిలో పెట్టాను. సీట్లూ పెట్టెలూ లేని జీపును నల్లకళ్ళజోడాయన వింతగా చూస్తూ నడుపుకుపోయాడు. తెల్లకారు డ్రైవరు చిన్నాన్నను ఎక్కించుకుని వెనకే పోయాడు.

మా కొండల్లో పెళ్ళిసామాను గానీ, జబ్బు మనిషిని మోసే డోలీ గానీ ఒక పద్ధతి ప్రకారం వెళ్తాయి. ఒక ఊరివాళ్ళు పొలిమేర దాకా మోస్తారు. అక్కడ రెండో ఊరివాళ్ళు వచ్చి భుజం మారుస్తారు. పిలవక్కర్లేదు, బతిమాలక్కర్లేదు. కబురు అందితే చాలు. మిగిలిన కోతలన్నీ నా సొరుగులు అలాగే తిరిగాయి. ఏ ఊళ్ళో మిషను ఆగితే ఆ ఊరివాళ్ళు పొలిమేరకు వచ్చి నా కొట్టును ఎత్తుకుపోయారు. నేను వాళ్ళ వెనక నడిచాను, గ్రీజు డబ్బా పట్టుకుని. జీపు పోలేని ఊళ్ళకు కూడా పోయాం. నాన్న చేతికి ఎప్పుడూ రాని మిషన్లు చూశాను. ఎవరింట్లో ఆగితే వాళ్ళే చోడి అంబలి, అంటే రాగి జావ, పోశారు, మంట పక్కన చాప వేశారు. కాళ్ళు పగిలాయి. జీపు గుర్తొచ్చిన ప్రతి ఎత్తులోనూ చిన్నాన్నను తిట్టుకున్నాను, పైకే.

కోతలు అయిపోయాక ఒక పొలిమేర దగ్గర సామాను దింపి కూర్చున్నాం, రెండో ఊరివాళ్ళ కోసం చూస్తూ. కింది దారిలో చిన్నాన్న కనిపించాడు. సర్వీసు జీపు దిగి, ఆ మోకాలితో అక్కడిదాకా నడిచి వచ్చాడు. ఒక రాయి మీద కూలబడి నీళ్ళు తాగాడు. సొరుగుల వైపు చూశాడు. మూలలు అరిగాయి, చట్రానికి ఒకచోట తుప్పు పట్టింది. మైనం రుద్దిన అంచులు మాత్రం నున్నగా ఉన్నాయి. ఆయన వేలితో ఒక సొరుగు లాగి, మళ్ళీ తోశాడు. చప్పుడు లేకుండా వెళ్ళింది.

"ఇంటికి రాయే" అన్నాడు. "పిన్ని ఏడుత్తంది."

"వొత్తాను. పై ఊళ్ళో మిసనుంది. అదయ్యాక."

"ఏ బండికని కట్టినావో ఆ బండే పోయింది. ఇంకీ పెట్టె ఎందుకే?"

"ఈ పెట్టెకి బండి కొంతాను."

ఆయన జేబులోంచి తాడు ముక్క తీసి, లేచి, చట్రం వెడల్పు కొలవబోయాడు. తాడు చాలలేదు. జానలతో కొలిచాడు. మళ్ళీ కొలిచాడు. లెక్క నచ్చనట్టు తల అడ్డంగా ఊపాడు. "నర్సీపట్నంలో ఒక పాత బండుంది. దానికిది పట్టదు. పక్కలు రొండు బెత్తలు తగ్గించినావంటే బండి బేగి దొరుకుతాదమ్మీ."

పైనుంచి వెదుర్లు భుజాన వేసుకుని రెండో ఊరివాళ్ళు దిగుతున్నారు. లేచి చీర దులుపుకున్నాను.

"తగ్గించను" అన్నాను.